వెలిగే కిటికీలు: సినిమా వ్యోమనౌకల నమూనాలను చరిత్ర ఆధారాలుగా చదవడం

ఈ పుస్తకంలో ఇంతవరకు మీరు శాసనాలు, నాణేలు, ప్రభుత్వ దస్త్రాలు, యాత్రికుల రాతలు చరిత్ర రచనకు ఎలా ఉపయోగపడతాయో చదివారు. ఈ పాఠంలో తీసుకుంటున్న ఆధారం మీకు కొంత వింతగా తోచవచ్చు. ఎన్నడూ ఎగరని ఒక వ్యోమనౌక అది. చెక్క, రేకు, ప్లాస్టిక్‌లతో చేసి, లోపల బల్బులు అమర్చి, కెమెరా ముందు నిలబెట్టిన బొమ్మ. "బొమ్మ గురించి రాస్తే చరిత్ర ఎలా అవుతుంది సార్?" అని ఒక కౌన్సెలింగ్ తరగతిలో ఒక విద్యార్థి నన్ను అడిగాడు. మంచి ప్రశ్న. ఆ రోజు తొందరలో సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను.

ఆ బొమ్మ చెప్పే కథ కల్పితం. కాని దాన్ని చేసిన చేతులు, వాడిన సరుకు, పెట్టిన ఖర్చు, ఖర్చు తగ్గించడానికి వదిలేసిన పనులు, ఇవన్నీ నిజం. 23వ శతాబ్దంలో ఏం జరుగుతుందో ఆ నమూనా మనకు చెప్పలేదు. 1964లో ఒక వడ్రంగి బల్లమీద ఏం జరిగిందో మాత్రం చెప్పగలదు. మనకు కావలసింది అదే.

ఒకవైపు మాత్రమే పూర్తయిన ఓడ

అమెరికా టెలివిజన్‌లో 'స్టార్ ట్రెక్' ధారావాహిక 1966 సెప్టెంబరులో మొదలైంది. అందులోని ఎంటర్‌ప్రైజ్ నౌకకు రూపం ఇచ్చినవాడు మ్యాట్ జెఫరీస్ అనే కళా దర్శకుడు. విమానాల సంగతి బాగా తెలిసిన మనిషి. ఆయన గీసిన బొమ్మల ఆధారంగా 1964 చివర్లో రిచర్డ్ డేటిన్ అనే నమూనాల తయారీదారు మొదట మూడడుగుల నమూనా చేశాడు. తర్వాత కాలిఫోర్నియాలోని బర్బ్యాంక్‌లో ఒక వర్క్‌షాపు వారితో కలిసి 11 అడుగుల పైచిలుకు పొడవున్న పెద్ద నమూనా తయారు చేయించాడు. పోప్లర్ చెక్క, రేకు, ప్లాస్టిక్ అందులోని ముఖ్యమైన సరుకు. బరువు సుమారు 90 కిలోలు.

కథలో ఈ నౌక పొడవు 947 అడుగులు. అంటే పెద్ద నమూనా అసలు కొలతలో దాదాపు 85వ వంతు. ఆ లెక్కన ఆరడుగుల మనిషి నమూనా పక్కన అంగుళం ఎత్తు కూడా ఉండడు. ఈ లెక్క గుర్తుంచుకోండి. కిటికీల సంగతి వచ్చినప్పుడు పనికొస్తుంది.

ఇలా కట్టడాన్ని ఈ పని చేసేవాళ్లు స్క్రాచ్ బిల్డింగ్ అంటారు. అంగట్లో ముక్కలుగా దొరికే కిట్ కొని అతికించడం కాకుండా, ముడి సరుకు తెచ్చుకొని ప్రతి భాగాన్నీ తామే కోసి, చెక్కి, సానబట్టి కట్టడం. వినాయక చవితికి మట్టిని అచ్చులో నొక్కి తీసిన విగ్రహానికీ, చేత్తో మలిచిన విగ్రహానికీ ఉన్న తేడా మీకు తెలుసు కదా, అలాంటిదే.

ఇక అసలు విషయానికి వద్దాం. మొదటి పైలట్ భాగం తీసినప్పుడు ఎంటర్‌ప్రైజ్ నమూనాలో ఒక్క దీపం కూడా లేదు. కిటికీలు కేవలం రంగుతో వేసినవి. రెండు ఇంజన్ల ముందున్న గుండ్రటి టోపీలు చెక్కవి, వాటి మధ్యలో సూదిలా ఒక మొన ఉండేది. రెండో పైలట్ నాటికి లోపల దీపాలు అమర్చారు. ధారావాహిక మొదలయ్యేసరికి చెక్క టోపీలు పోయి, వెలుతురు ప్రసరించే టోపీలు వచ్చాయి. వాటి వెనక క్రిస్మస్ చెట్టుకు కట్టే రంగుల బల్బులు, వాటి ముందు చిన్న మోటారుతో తిరిగే రెక్కలు. కెమెరాకు అది లోపల ఏదో మహాశక్తి సుడి తిరుగుతున్నట్టు కనిపించేది.

దీపాలు ముందుగా అనుకొని పెట్టినవి కావు, తర్వాత చేర్చినవి. మరి వాటి తీగలు ఎక్కడినుంచి బయటికి రావాలి? ఎడమవైపు నుంచి తీశారు. కాబట్టి ఎడమవైపు కెమెరాకు చూపడానికి వీలులేకుండా పోయింది. ఎలాగూ చూపనప్పుడు ఆ వైపు కిటికీలు, గుర్తులు పూర్తి చేయడం దండగ. నమూనాను ఎప్పుడూ కుడివైపు నుంచే చిత్రీకరించారు. ఎడమవైపు చూపాల్సి వస్తే అక్షరాలను తిరగేసి అంటించి, తీశాక ఫిల్మును తిప్పేవారు.

ఈ చిన్న వివరం మీద కాస్త ఆగమంటాను. చరిత్ర విద్యార్థికి ఆ పూర్తికాని ఎడమవైపు చాలా విలువైనది. కుడివైపు ప్రేక్షకుడి కోసం చేసినది, కథకు సంబంధించినది. ఎడమవైపు ఎవరూ చూడరనుకొని వదిలేసినది. అక్కడ బడ్జెట్ కనిపిస్తుంది, గడువు కనిపిస్తుంది, మధ్యలో మారిన ఆలోచన కనిపిస్తుంది. గుడి ముందు గోపురం చూసి వచ్చేవారు చాలామంది. వెనక గోడమీద చెక్కడం మధ్యలో ఆపేసిన రాయి దగ్గర నిలబడేవాడు చరిత్రకారుడు.

దీపాలతో ఇంకో ప్రయోజనం కూడా ఉంది. ధారావాహికలో ఖర్చు కలిసివస్తుందని పైలట్ నాటి దృశ్యాలను మళ్లీ మళ్లీ వాడారు. అందువల్ల ఒకే భాగంలో ఒకచోట మొన ఉన్న టోపీ, ఇంకోచోట వెలుగు తిరిగే టోపీ కనిపిస్తాయి. ఏ దృశ్యం ఎప్పుడు తీసిందో దీపాన్ని బట్టి చెప్పవచ్చు. లిపి తీరును బట్టి శాసనం కాలాన్ని అంచనా వేసే పద్ధతి మీరు రెండో పాఠంలో చదివారు. ఇక్కడ చేస్తున్నదీ అదే పని.

పాత ముక్కలతో కొత్త ఆకాశం

1966లోనే ఏఎంటీ అనే కంపెనీ ఎంటర్‌ప్రైజ్ ప్లాస్టిక్ కిట్‌ను అమ్మకానికి తెచ్చింది. మొదట్లో వచ్చిన కిట్లలో చిన్న బల్బులు కూడా ఉండేవి. పిల్లలు ఇంట్లో అతికించుకొని, బ్యాటరీ వేసి వెలిగించుకునేవారు. ఆ మరుసటి ఏడాది ఒక విచిత్రం జరిగింది. ఒక భాగంలో ధ్వంసమైన మరో నౌక కావలసి వచ్చింది. కొత్తది కట్టించే స్థోమత లేక ఆ కిట్‌నే తెచ్చి, కాల్చి, గీకి తెరమీద చూపించారు. ఎంటర్‌ప్రైజ్ సంఖ్య 1701. ఆ పాడైన నౌక సంఖ్య 1017. అవే అంకెలు, కిట్‌తో వచ్చిన స్టిక్కర్లను అటూ ఇటూ మార్చి అంటించారంతే. తెరమీది వస్తువు బొమ్మగా మారి, ఆ బొమ్మ మళ్లీ తెరమీదికి వచ్చింది.

ప్లాస్టిక్ కిట్ల పరిశ్రమ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పెరిగింది. బ్రిటన్‌లోని ఎయిర్‌ఫిక్స్ కంపెనీ తొలి కిట్ 1949 నాటి ఒక ట్రాక్టరు. తర్వాత దుకాణాల నిండా వచ్చినవి ఎక్కువగా యుద్ధ విమానాలు, ట్యాంకులు, యుద్ధనౌకలు. యుద్ధం చూసిన తండ్రులు, చూడని కొడుకులు కలిసి వాటిని అతికించేవారు. 1960ల మధ్యలో బ్రిటన్‌లో 'థండర్‌బర్డ్స్' ధారావాహికకు డెరెక్ మెడింగ్స్ బృందం చేసిన నమూనాల మీద ఈ కిట్ల ముక్కలు కనిపిస్తాయి. నున్నటి గోడమీద నాలుగు చిన్న ముక్కలు అంటిస్తే, అదేదో యంత్రం అన్న భ్రమ వచ్చేస్తుంది.

స్టాన్లీ కుబ్రిక్ '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' 1968లో విడుదలైంది. అందులోని డిస్కవరీ నౌక పెద్ద నమూనా పొడవు 54 అడుగులు. మన ఆర్టీసీ బస్సు కన్నా పొడవు! దానిమీదా కిట్ల ముక్కలే. 1975లో జార్జ్ లూకస్ 'స్టార్ వార్స్' కోసం లాస్ ఏంజెలిస్ శివారు వాన్ నైస్‌లో ఒక గోదాములో కుర్రవాళ్లను పోగుచేసి పని మొదలుపెట్టించినప్పుడు, వారు ఈ పద్ధతిని పరాకాష్ఠకు తీసుకెళ్లారు. ట్యాంకుల కిట్లు, యుద్ధనౌకల కిట్లు, రేసు కార్ల కిట్లు పెట్టెలకు పెట్టెలు కొని, విప్పి, ముక్కలు ఏరి నౌకల ఒంటినిండా అంటించారు. ఆ ముక్కలకు వారు గ్రీబ్లీలు అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు.

దూరపు నక్షత్ర మండలంలో తిరిగే ఓడల చర్మం రెండో ప్రపంచ యుద్ధపు ట్యాంకుల చక్రాలతో, తలుపులతో తయారైంది. భవిష్యత్తును ఊహించడానికి కూర్చున్నవారి చేతికి అందిన సరుకు గతమే. దీన్ని నేను ఉపమానంగా చెప్పడం లేదు. ఆ నమూనాలను దగ్గరగా చూస్తే ఏ ముక్క ఏ ట్యాంకుదో గుర్తుపట్టగల అభిమానులు ఇప్పటికీ ఉన్నారు. వారి పనికీ, కుండ పెంకును చూసి అది ఏ కాలానిదో చెప్పే పురావస్తు పరిశోధకుడి పనికీ తేడా తక్కువ.

కెమెరా, వెలుతురు, కొలత

చిన్న వస్తువును పెద్దదిగా నమ్మించడం ఎందుకు కష్టం? మీ ఫోను కెమెరాతో ఒక అగ్గిపెట్టెను దగ్గరగా పెట్టి ఫొటో తీసి చూడండి. ముందు అంచు స్పష్టంగా, వెనక అంచు మసకగా వస్తుంది. కొండను తీస్తే అలా రాదు. ఆ మసకే వస్తువు చిన్నదని పట్టిస్తుంది. మసక పోవాలంటే కెమెరా కన్నును బాగా చిన్నది చేయాలి. అప్పుడు లోపలికి వెళ్లే వెలుతురు తగ్గుతుంది. దానికి పరిహారంగా ఒక్కో ఫ్రేమును కొన్ని సెకన్లపాటు తెరిచి ఉంచాలి. కుబ్రిక్ బృందం చేసింది ఇదే. నమూనానో కెమెరానో గడియారం ముల్లు కదిలినంత నెమ్మదిగా జరుగుతుంటే, తెరమీద కొన్ని సెకన్లు కనిపించే దృశ్యానికి గంటల సమయం పట్టేది. బయటి వెలుతురు ఒకసారి, కిటికీల్లో మనుషులు కదిలే బొమ్మ మరోసారి, అదే ఫిల్ముమీద విడివిడిగా తీసేవారు.

ఇలా రెండుసార్లు తీయాలంటే రెండుసార్లూ కదలిక ఒకేలా ఉండాలి. 'స్టార్ వార్స్' కోసం జాన్ డైక్‌స్ట్రా బృందం చేసిన కెమెరా యంత్రం తన కదలికలను గుర్తుంచుకొని, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు తిరిగి చేసేది. అందువల్ల ఓడను ఒకసారి, ఇంజను వెలుగును ఒకసారి, కిటికీ దీపాలను ఒకసారి, దేనికి కావలసిన వెలుతురులో దాన్ని తీయగలిగారు.

బొంబాయి దగ్గర ఒక రాత్రి

స్టీవెన్ స్పీల్‌బర్గ్ 1977 నాటి సినిమా 'క్లోజ్ ఎన్‌కౌంటర్స్ ఆఫ్ ది థర్డ్ కైండ్'లో కొంత భాగం మహారాష్ట్రలో తీశారు. వందల మంది గ్రామస్థులు ఆకాశం వైపు వేలు చూపే దృశ్యం అక్కడిదే. ఆ సినిమా చివర దిగే మహానౌకను మొదట వెలుతురును అడ్డుకునే చీకటి ఆకారంగా అనుకున్నారు. భారతదేశంలో పనిచేస్తున్నప్పుడు స్పీల్‌బర్గ్ రాత్రివేళ బొంబాయి దగ్గర ఒక చమురు శుద్ధి కర్మాగారాన్ని చూశాడు. గొట్టాలు, నిచ్చెనలు, వేల దీపాలు. ఆ దృశ్యంతో ఆయన ఆలోచన మారింది. లాస్ ఏంజెలిస్‌కు తిరిగి వెళ్లాక కొండమీద నుంచి లోయలోని ఊరి దీపాలను చూసినప్పుడు మిగతాది తోచింది. తలకిందులు చేసిన నగరంలాంటి ఓడ తయారైంది.

విశాఖలో మల్కాపురం వైపు రాత్రిపూట వెళ్లినవారికి ఆ దృశ్యం వేరే చెప్పనక్కరలేదు.

గ్రెగ్ జైన్ నాయకత్వంలో కట్టిన ఆ నమూనాకు రూపం తెచ్చింది ప్రధానంగా వెలుతురే. నియాన్ గొట్టాలు, ఆప్టికల్ ఫైబర్ పోగులు వాడారు. పొగ నింపిన గదిలో చిత్రీకరించారు, అందువల్ల ప్రతి దీపం చుట్టూ మంచులాంటి తెర ఏర్పడి చాలా దూరంలో ఉన్నట్టు తోస్తుంది. ఇప్పుడది వాషింగ్టన్ సమీపంలో స్మిత్‌సోనియన్ సంస్థ వారి ఉద్వార్-హేజీ కేంద్రంలో ఉంది. దగ్గరగా వెళ్లి చూస్తే దానిమీద తయారీదారులు సరదాకు అంటించిన తపాలా పెట్టె, ఒక వ్యాను, చిన్న శ్మశానం, 'స్టార్ వార్స్'లోని ఆర్2-డీ2 రోబో కనిపిస్తాయి. చీకట్లో కెమెరాకు ఇవేవీ కనపడవని వారికి తెలుసు.

నేను కట్టిన ఓడ

ఉద్యోగ విరమణ తర్వాత, ఈ పాఠం రాయాలనుకున్నప్పుడు, చేసి చూడకుండా రాయకూడదనిపించింది. రెండడుగుల పొడవున్న ఓడ ఒకటి సొంతంగా కట్టాను. నడుముకు పీవీసీ పైపు, రెక్కలకు సన్‌బోర్డు, మీద అంటించడానికి పాత స్విచ్‌బోర్డు ముక్కలు, ఖాళీ రీఫిళ్లు. హైదరాబాద్ కోఠిలో ఎల్‌ఈడీలు, రెసిస్టర్లు దొరికాయి.

మొదటి ఎల్‌ఈడీని క్షణంలో కాల్చేశాను. తొమ్మిది వోల్టుల బ్యాటరీకి తిన్నగా కలిపితే అంతే మరి. తెల్ల ఎల్‌ఈడీకి కావలసింది సుమారు 3 వోల్టులు. మిగిలిన 6 వోల్టులను రెసిస్టర్ భరించాలి. 20 మిల్లీ ఆంపియర్ల ప్రవాహానికి ఆరును 0.02తో భాగిస్తే 300 ఓమ్‌లు. అంగట్లో సులువుగా దొరికే 330 ఓమ్‌లది వేస్తే సరిపోతుంది. ఇది పదో తరగతి భౌతికశాస్త్రం. చరిత్ర ఆచార్యుడికి గుర్తులేదు.

రెండో తప్పు ఇంకా పెద్దది. లోపలి గోడకు నల్లరంగు వేయకుండా పైభాగం మూసేశాను. స్విచ్ వేయగానే కిటికీలతో పాటు రెక్కలు, అతుకులు, ఓడ మొత్తం వెలిగింది. "తాతయ్యా, ఇది ఓడ కాదు, బెడ్ ల్యాంప్" అన్నాడు మా మనవడు. సన్నటి ప్లాస్టిక్‌లోంచి వెలుతురు దూరిపోతుంది. ముందు నలుపు, దానిమీద వెలుతురును తిప్పికొట్టడానికి వెండిరంగో తెలుపో వేసి, అప్పుడు దీపాలు పెట్టాలి. మూడోసారి ఫెవిక్విక్ ఆవిరికి పారదర్శకంగా ఉండవలసిన కిటికీలన్నీ తెల్లగా బూజుపట్టినట్టు అయ్యాయి. కిటికీలకు వేరే జిగురు వాడాలని అప్పుడు తెలిసింది. చివరికి ఒకే ఎల్‌ఈడీ ముందు వెంట్రుకల్లాంటి ఫైబర్ పోగుల కట్ట ఉంచి, ఒక్కో పోగును సన్నటి రంధ్రంలోంచి బయటికి తీసి కోశాను. ఒక్క దీపంతో నలభై కిటికీలు వెలిగాయి.

కిటికీ రంధ్రం కాస్త పెద్దదైతే ఓడ చిన్నదైపోతుంది. ఇందాక గుర్తుంచుకోమన్న లెక్క ఇక్కడికే. ఆ రంధ్రం వెనక మనిషి నిలబడ్డాడని చూసేవాడి మనసు తనంతట తానే కొలుచుకుంటుంది.

ఈ పని చేశాకనే ఎంటర్‌ప్రైజ్ ఎడమవైపు నాకు సరిగా అర్థమైంది. దీపాల ఏర్పాటు ముందే ఆలోచించి ఒళ్లు మూయాలి. మూసిన తర్వాత దీపం కావాలంటే ఎక్కడో ఒకచోట గోడ చీల్చక తప్పదు. అందులోనూ 1960ల నాటి మామూలు బల్బులు కరెంటులో ఎక్కువ భాగాన్ని వేడిగా వదిలేవి. చిత్రీకరణ మధ్యలో ఆర్పి చల్లార్చుకోవలసి వచ్చేది. ఇవాళ నేను వాడిన తెల్ల ఎల్‌ఈడీ అప్పుడు లేదు. ఎర్ర ఎల్‌ఈడీ 1962లో వచ్చింది గాని, తెల్లకాంతికి మూలమైన ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీ 1990లలో గాని సాధ్యపడలేదు. దాన్ని సాధించిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఏ సంవత్సరపు ఓడను కాపాడాలి?

పెద్ద ఎంటర్‌ప్రైజ్‌ను 1974లో స్మిత్‌సోనియన్‌కు ఇచ్చేశారు. అప్పటినుంచి పలుమార్లు మరమ్మతు చేశారు. 1990ల మొదట్లో జరిగిన మరమ్మతులో పలకల గీతలు బాగా కనిపించేలా కొత్తగా రంగు వేశారు. తెరమీద ఓడ అలా లేదని చాలామంది అభ్యంతరపెట్టారు. అదృష్టవశాత్తు ముందున్న పళ్లెం ఆకారపు భాగంపై 1960ల నాటి రంగును ముట్టుకోకుండా వదిలేశారు. చాలా ఏళ్లు ఆ నమూనా మ్యూజియంలోని బహుమతుల దుకాణంలో ఉండేది. అంటే సంస్థ దృష్టిలో అది చరిత్రా, అలంకారమా అన్నది తేలలేదన్న మాట.

2014లో దాన్ని కిందికి దించి పరీక్ష మొదలుపెట్టారు. ఎక్స్‌రేలు తీశారు. అన్నిటికన్నా ముఖ్యమైనది, 1966-76 మధ్య ఆ నమూనాను స్వయంగా చూసి ఫొటోలు తీసినవారు ఎవరైనా ఉంటే పంపమని ప్రజలను అడిగారు. 1972లో అది కాలిఫోర్నియాలో ఒక కళాశాల ప్రదర్శనలో కొన్ని రోజులు ఉంది. ఇలాంటి సందర్భాల్లో సామాన్య అభిమానులు తీసుకొని అల్బముల్లో దాచుకున్న ఫొటోలు, మ్యూజియం దస్త్రాల్లో లేని ఆధారాలయ్యాయి. వాటిని పోల్చి, నమూనాను 1967 ఆగస్టులో ఉన్న రూపానికి తేవాలని నిర్ణయించారు. ధారావాహిక కోసం దానికి చేసిన చివరి మార్పు ఆనాటిదే. పళ్లెంపై పాత రంగును అలాగే ఉంచారు. ఎడమవైపును కూడా పూర్తి చేయకుండా వదిలేశారు. 2016లో అది మ్యూజియం ప్రధాన మందిరంలోకి, లిండ్‌బర్గ్ విమానం ఉన్న చోటికి చేరింది.

లోపలి బల్బులు మాత్రం ఇప్పుడు ఎల్‌ఈడీలు. పాత బల్బుల వేడి పాత చెక్కకు, రంగుకు హాని. కాని దీపమే చరిత్రైనప్పుడు దీపాన్ని మార్చడం న్యాయమా? నా మటుకు నేను మార్చడాన్నే సమర్థిస్తాను. మార్చామని రాసిపెట్టి, తీసినవాటిని దాచినంతకాలం ఆధారం చెడదు. 1990ల మరమ్మతు విషయంలో నాకున్న అభ్యంతరం కూడా రంగు అందంగా లేదని కాదు, కింద ఉన్న పాత రంగును మళ్లీ చదవడం కష్టం చేసిందని. మీరు నాతో ఏకీభవించనక్కరలేదు.

మొదట చేసిన మూడడుగుల నమూనా 1970ల చివర్లో కనిపించకుండా పోయింది. దాదాపు 45 ఏళ్లు దాని జాడ లేదు. 2023లో ఒక ఆన్‌లైన్ వేలంలో అమ్మకానికి పెట్టినప్పుడు అభిమానులు గుర్తుపట్టారు. 2024లో అది ధారావాహిక సృష్టికర్త రాడెన్‌బెరీ కుమారుడికి చేరింది.

అభ్యాసం

1957లో వచ్చిన 'మాయాబజార్'లో ద్వారకానగరం రాత్రి దృశ్యాన్ని చూడండి. ఎంటర్‌ప్రైజ్‌కు ఏడేళ్ల ముందు, మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రహణంలో, విద్యుద్దీపాలు అమర్చిన వందలాది చిన్న ఇళ్లతో కట్టిన నమూనా అది. ధ్వని ఆపేసి కనీసం మూడుసార్లు చూడండి. కెమెరా ఏ వైపు నుంచి మాత్రమే చూపుతోంది, దూరపు దీపాలకూ దగ్గరి దీపాలకూ పరిమాణంలో తేడా ఎంత, మసక ఎక్కడ మొదలవుతోంది, చూపని వైపు ఏముండి ఉంటుందని మీరు అనుకుంటున్నారు, అలా అనుకోవడానికి తెరమీద కనిపించే ఆధారం ఏమిటి? రెండు పేజీలకు మించకుండా రాసి, మీ అధ్యయన కేంద్రంలో తదుపరి కౌన్సెలింగ్ తరగతికి తీసుకురండి.